చూపు ఎటో బండి అటే

2021 జూలై 26. టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల మౌంటెన్ బైక్ పోటీ, ఇజు కొండల్లో. అందరి కళ్లూ నెదర్లాండ్స్ వీరుడు మాథ్యూ వాన్ డెర్ పోల్ మీదే. అదే ఏడాది టూర్ డి ఫ్రాన్స్‌లో పసుపు జెర్సీ తొడుక్కుని, ఈ పోటీ కోసం ఆ టూర్‌ను మధ్యలోనే వదిలి వచ్చినవాడు. మొదటి ల్యాప్‌లోనే, పెద్ద బండ మీది నుంచి కిందికి దిగే చోట ముందు చక్రం కుంగింది. హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. సాధన రోజుల్లో ఆ బండ దగ్గర ఒక చెక్క పలక వాలుగా అమర్చి ఉండేది. పోటీ నాటికి దాన్ని తీసేశారు. పలక ఉంటుందనే అనుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. లేచి మళ్లీ తొక్కాడు గానీ పోటీ పూర్తి చేయలేకపోయాడు.

ఆ రోజు బంగారు పతకం బ్రిటన్ కుర్రాడు టామ్ పిడ్‌కాక్‌కు దక్కింది. అంతకు రెండు నెలల ముందు సాధనలో ఉండగా కారు గుద్ది, మెడ పక్క ఎముక విరిగినవాడు.

వాన్ డెర్ పోల్ కాళ్లలో సత్తువకు లోటు లేదు, గుండెలో ధైర్యానికీ లోటు లేదు. నిన్నటి దారిని మనసులో పెట్టుకుని ఇవాళ్టి దారి మీద దూకాడు. అంతటివాడికే అలా జరిగిందంటే మనకు ఇంకెంత జాగ్రత్త కావాలి!

మట్టిబాటల్లో సైకిల్ తొక్కేవాళ్లు కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: చూపు ఎటో బండి అటే. రాయిని తగలకూడదు, తగలకూడదు అని దాన్నే చూస్తూ వెళ్తే సరిగ్గా వెళ్లి దానికే గుద్దుతాం. రాయి పక్కన ఉన్న జానెడు జాగాను చూస్తే చేతులు, నడుము, చక్రాలు వాటంతట అవే అటు తిరుగుతాయి. ఔత్సాహికుల పోటీలో మొదటిసారి దిగబోయే మీకు ఈ అధ్యాయం చెప్పేది ఇదే. పోటీకి ముందూ, పోటీలోనూ, దెబ్బ తగిలాకా చూపును ఎక్కడ నిలపాలో తెలిస్తే మిగతాదంతా సాధనతో వస్తుంది.

ముందు పేరు ఇచ్చేయండి

“బాగా తొక్కడం వచ్చాక పోటీకి వెళ్తాను” అనేవాళ్లు చాలామంది. ఆ ‘బాగా’ ఎన్నటికీ రాదు, దానికి తేదీ లేదు కనుక. పేరు ఇచ్చి రుసుము కట్టిన రోజున క్యాలెండర్‌లో ఒక గడి చుట్టూ గీత పడుతుంది. ఆ గీత పడ్డాక పొద్దున్నే ఐదింటికి అలారం మోగితే లేవాలా వద్దా అన్న చర్చ ఉండదు. ఎనిమిది నుంచి పది వారాల దూరంలో ఉన్న పోటీని ఎంచుకోండి. అంతకంటే దగ్గరైతే ఒళ్లు సిద్ధపడదు, మరీ దూరమైతే పట్టుదల చల్లారిపోతుంది.

వయసు గురించి సంకోచం పెట్టుకోవద్దు. మొట్టమొదటి మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగింది. అందులో క్రాస్ కంట్రీ విభాగం గెలిచిన నెడ్ ఓవరెండ్‌కు అప్పటికి 35 ఏళ్లు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 35 దాటినవాళ్లకు ప్రత్యేకంగా మాస్టర్స్ ప్రపంచ పోటీలే నడుపుతోంది, ఐదేసి ఏళ్లకు ఒక విభాగం చొప్పున. మన దేశంలోనూ ఈ ఆట వేళ్లూనుకుంది. సిమ్లా కేంద్రంగా 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయా ఎంతోమందికి దీన్ని పరిచయం చేసింది. 2023 అక్టోబరులో ఆసియా చాంపియన్‌షిప్ మన పక్కనే, కేరళలోని పొన్ముడి కొండల్లో జరిగింది.

మొదటి పోటీగా, ఒకే దారిలో ల్యాపులు తిరిగే క్రాస్ కంట్రీని ఎంచుకోండి. ఒక ల్యాప్ నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి ఏదైనా జరిగినా సాయం దూరంలో ఉండదు. పైగా రెండో ల్యాప్‌కల్లా ప్రతి మలుపూ పరిచయమవుతుంది. రోజుల తరబడి సాగే స్టేజ్ రేసులు, నిటారు వాలుల్లో దిగే డౌన్‌హిల్ తర్వాత చూసుకోవచ్చు. ఫారంలో బిగినర్స్ విభాగం ఉంటే నామోషీ పడకుండా అదే రాయండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు సాధన మొదలుపెట్టేముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈ ఒక్క విషయంలో మొండితనం పనికిరాదు.

బండి విషయానికొస్తే, ముందు వైపు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. కొత్త బండికి పెట్టే డబ్బులో చిన్న వాటాతో ఉన్న బండికే కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త చైను, పట్టున్న టైర్లు వేయించండి. హెల్మెట్, చేతి గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా సాధనకు కూడా దిగకండి.

వారానికి నాలుగు రోజులు

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఉన్న మనిషికి వారంలో నాలుగు రోజులు దొరికితే చాలు.

రెండు రోజులు నిదానంగా తొక్కండి, గంట నుంచి గంటన్నర. పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలతో కబుర్లు చెప్పగలిగేంత వేగమే ఉండాలి. ఇంత మెల్లగా తొక్కితే ఏం ప్రయోజనం అనిపిస్తుంది. దమ్ముకు పునాది పడేది ఈ రెండు రోజుల్లోనే. గుండె ఒక్కో స్పందనలో పంపే రక్తం పెరిగేదీ, కండరాలు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకునేదీ ఈ నిదానంలోనే.

ఒక రోజు మిట్టకు కేటాయించండి. కాసేపు ఒళ్లు వేడెక్కించుకుని, ఒకటి రెండు ముక్కలకు మించి మాట పెగలనంత గట్టిగా నాలుగు నిమిషాలు ఎక్కండి. నాలుగు నిమిషాలు తేలిగ్గా తిరగండి. మళ్లీ ఎక్కండి. ఇలా నాలుగు సార్లు. నాలుగో సారి కూడా మొదటి సారి వెళ్లినంత దూరమే వెళ్లగలగాలి. మొదటి దాంట్లోనే సత్తువంతా ఖర్చు చేస్తే సాధన గురి తప్పినట్టే.

నాలుగో రోజు మట్టిబాట. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి కొండలు, నర్సాపూర్ వైపు అడవి ఉన్నాయి. విశాఖ వాళ్లకు ఊరి చుట్టూ కొండలే. అటవీ శాఖ అనుమతి ఉన్న బాటల్లోనే, కనీసం ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లండి. అంత దూరం వెళ్లలేని వారాల్లో ఖాళీ మైదానం చాలు. రెండు నీళ్ల సీసాలను పది అడుగుల దూరంలో నిలబెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. సీసాను చూస్తూ తిరిగితే దాన్ని పడగొడతారు. తల పూర్తిగా తిప్పి, తర్వాతి సీసా వైపు గడ్డం పెట్టి చూస్తే బండి దానంతట అదే ఒంగి చుట్టూ వచ్చేస్తుంది. చూపు ఎటో బండి అటే అన్నది ఒళ్లు నమ్మేది ఇక్కడే. ఆ మాటను వందసార్లు విన్నా రాని నమ్మకం ఇరవై నిమిషాల ఈ అభ్యాసంతో వస్తుంది.

నాలుగో వారంలో సాధన కాస్త తగ్గించండి. పోటీకి ముందు వారం సగానికి తగ్గించండి. ఆ వారంలో “సరిపడా తొక్కలేదేమో” అన్న బెంగతో ఎక్కువ తొక్కితే అలసట తప్ప అదనంగా వచ్చే బలం ఏమీ ఉండదు.

తుమ్మముల్లు

మన నేల మీద మట్టిబాట తొక్కేవాళ్లకు అసలు ప్రత్యర్థి తుమ్మముల్లు. పంక్చర్ వేయడం రాని మనిషి పోటీకి సిద్ధమైనట్టు కాదు. ఇంటి దగ్గర తీరిగ్గా నేర్చుకుంటే దారిలో చేతులు వణకవు.

చక్రం ఊడదీసి, ఉన్న గాలి పూర్తిగా తీసేయండి. టైరు అంచును చుట్టూ రిమ్ము మధ్య గుంతలోకి నొక్కితే వదులవుతుంది. వాల్వుకు ఎదురుగా లివర్ దూర్చి ఒక పక్క అంచు పైకి లేపి ట్యూబ్ బయటికి లాగండి. కొత్త ట్యూబ్ వేసే తొందరలో చాలామంది మరిచే పని ఇప్పుడుంది. టైరు లోపలి వైపు వేలి కొసలతో నెమ్మదిగా చుట్టూ తడమాలి. ముల్లు విరిగి, మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది. కంటికి కనిపించదు, వేలికి మాత్రం చిన్న గరుకులా తగులుతుంది. దాన్ని లోపలి నుంచి బయటికి నెట్టి తీసేయకపోతే కొత్త ట్యూబ్ ఫర్లాంగు కూడా పోదు. తర్వాత కొత్త ట్యూబ్‌లో రెండు మూడు పంపుల గాలి ఎక్కించి గుండ్రంగా నిలబడ్డాకే లోపల పెట్టండి. చివరి అంచు ఎక్కించేటప్పుడు లివర్ వాడకుండా రెండు బొటనవేళ్లతో నొక్కండి. లివర్ వాడితే లోపల ట్యూబ్ నలిగే ప్రమాదం ఉంది.

గాలి ఎంత పెట్టాలన్నది కూడా తెలుసుకోవాలి. 65–70 కిలోల మనిషి, ట్యూబ్ ఉన్న టైర్లు అయితే 28–32 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి చూడండి. ఎక్కువైతే బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. మరీ తక్కువైతే రాయి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పోటీలో వెంట ఉండాల్సినవి: ఒక ట్యూబ్, రెండు లివర్లు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు, తెగిన చైను అతికించే లింకు.

ముందు రోజు దారి చూడటం

ఇజులో పలక లేకపోవడం గుర్తుందిగా. పోటీకి ముందు రోజు నిర్వాహకులు దారి చూసుకోవడానికి సమయం ఇస్తారు. మొదటి ల్యాప్ మెల్లగా తొక్కుతూ, కష్టమైన ప్రతిచోటా దిగండి. బండిని పక్కన పెట్టి ఆ జాగాను కింది నుంచి పైకి నడిచి చూడండి. పై నుంచి చూస్తే గోడలా భయపెట్టిన వాలు, కింది నుంచి చూస్తే సాఫీగా దిగే గీత ఒకటి చూపిస్తుంది. వర్షపు నీళ్లు కోసిన గాడి ఎక్కడ మొదలవుతోంది, మొరం ఎక్కడ వదులుగా ఉంది, గేరు ఎక్కడ ముందుగా మార్చాలి, ఎక్కడ దాటిపోవడానికి వెడల్పు ఉంది, ఇవన్నీ గమనించండి.

కష్టమైన చోట్ల సాధారణంగా రెండు దారులు పెడతారు. ఏ లైన్ దగ్గర దారి, కానీ దిగుడు గట్టిది. బీ లైన్ చుట్టుదారి, సులువైనది. ఏది తీసుకోవాలో ఆ రోజే, దిగి నిలబడి ఉన్నప్పుడే తేల్చుకోండి. పోటీ వేడిలో, వెనక ఎవరో కేకేస్తున్నప్పుడు తీసుకునే నిర్ణయాలు భయంతోనో పంతంతోనో వస్తాయి. బీ లైన్‌లో పోయేది కొన్ని సెకన్లే. చేయి విరిగితే పోయేది మూడు నెలలు.

పోటీ రోజు ఉదయం మళ్లీ ఒకసారి అడగండి, “దారిలో ఏమైనా మార్చారా?” అని. రాత్రి వాన పడి ఉంటే ఆ ప్రశ్న మరీ ముఖ్యం.

మొదటి పది నిమిషాలు

మొదలుకు మూడు గంటల ముందు తినేయండి. నాలుగు ఇడ్లీలు, కొంచెం చట్నీ, ఒక అరటిపండు. పూరీలు, వడలు, కొత్త రకం తిండ్లు ఆ ఉదయం వద్దు. గంట దాటే పోటీ అయితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి వెళ్లాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. నిమ్మరసం, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు అర లీటరు సీసాలో పెట్టుకుని, దాహం వేసేదాకా ఆగకుండా పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. ఎండ ఎక్కువైతే ఇంకో సీసా కావాలి. పోటీలో ఏం తింటారో, ఏం తాగుతారో సాధన రోజుల్లోనే కడుపుకు అలవాటు చేయండి.

జెండా ఊపగానే యాభై మంది ఒక్కసారిగా దూకుతారు. దుమ్ము లేస్తుంది, హ్యాండిళ్లు రాసుకుంటాయి, గుండె గొంతులో కొట్టుకుంటుంది. ఒక మనిషి మాత్రమే పట్టే సన్నబాటలోకి ముందుగా దూరాలన్న ఆరాటం అందరిదీ. కొత్తవాళ్ల పోటీ పాడయ్యేది ఈ పది నిమిషాల్లోనే. ముందువాడి వెనక చక్రాన్ని పట్టుకుని, తమది కాని వేగంతో వెళ్తారు. పావుగంటకల్లా తొడలు రాయిలా బిగుసుకుపోతాయి. మిట్ట రోజుల్లో నాలుగో సారికి కూడా నిలిచిన వేగం ఏదో మీ ఒంటికి తెలుసు. దానికి కట్టుబడండి. మొదటి మిట్ట మీద పదిమంది దాటిపోతే పోనివ్వండి. వాళ్లలో చాలామంది రెండో ల్యాప్‌లో ఎదురవుతారు, బండి నెడుతూ.

దాటాలనుకుంటే “కుడి పక్క వస్తున్నా” అని ముందుగా, మర్యాదగా కేకేయండి. వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు అడిగితే, వెడల్పు దొరకగానే పక్కకు తప్పుకుని దారివ్వండి. ఈ ఆటలో పరువు ఇక్కడే నిలుస్తుంది.

ఎక్కుడు, దిగుడు

ఎక్కేటప్పుడు గేరు ముందుగానే తేలిక చేయండి. సగం మిట్టలో, బలమంతా పెడల్ మీద ఉన్నప్పుడు మారిస్తే చైను కరకరలాడుతుంది, ఒక్కోసారి తెగుతుంది. వదులు మొరం మీద సీటు కొస దాకా ముందుకు జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచండి. నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి మొరంలో గిర్రున తిరుగుతుంది. మిట్ట శిఖరాన్ని చూడకండి, అది దగ్గరికి రాదు. పది అడుగుల అవతల చక్రం పట్టే గట్టినేల ఎక్కడుందో చూడండి. అది దాటాక మరో పది అడుగులు.

దిగేటప్పుడు చూపు దూరానికి పోవాలి. వేగం ఎంత పెరిగితే అంత దూరం. పెడళ్లు రెండూ నేలకు సమానంగా పెట్టి, మడమలు కిందికి దించి, నడుము వెనక్కి జరపండి. మోచేతులు వెడల్పుగా, వదులుగా ఉండాలి. బ్రేకు మీద ఒక్క వేలు, లేదా రెండు. మలుపులోకి వెళ్లకముందే బ్రేకు పని పూర్తి కావాలి. మలుపు మధ్యలో గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. వాలు పొడవునా బ్రేకు పట్టే ఉంచితే అది వేడెక్కి పట్టు సడలుతుంది. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండ మీద ఈ ఆటకు పురుడు పోసిన రిప్యాక్ పోటీల్లో పాత బండ్ల హబ్ బ్రేకులు ఎంత వేడెక్కేవంటే, లోపలి గ్రీజు పొగలై పోయేది. దిగిన ప్రతిసారీ హబ్ విప్పి కొత్త గ్రీజు నింపుకునేవాళ్లు. నేటి డిస్క్ బ్రేకులు ఎంతో మెరుగు, అయినా సూత్రం అదే. పట్టాల్సిన చోట గట్టిగా పట్టి, మిగతా చోట వదిలేయండి.

భయం వేస్తుంది. వేయాలి కూడా. భయం చూపును మన ముందు చక్రం దగ్గరికి లాక్కొస్తుంది, దాంతో భయం రెట్టింపవుతుంది. గడ్డం పైకెత్తి, ఊపిరి గట్టిగా వదిలి, వాలు చివరి మలుపు వైపు చూడండి. చూపు లేస్తే భయం చేతికి అందేంత చిన్నదవుతుంది.

దెబ్బ తగిలాక

2024 జూలై 29న పారిస్ ఒలింపిక్స్‌లో, ఎలాంకూర్ కొండ మీద ముందంజలో ఉన్న పిడ్‌కాక్ టైరు పంక్చరైంది. చక్రం మార్పించుకునేసరికి దాదాపు 40 సెకన్లు వెనకబడ్డాడు, ఎనిమిదిమంది ముందుకెళ్లిపోయారు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ అందుకుంటూ చివరి ల్యాప్‌లో ఫ్రాన్స్ వీరుడు విక్టర్ కొరెట్స్కీ పక్కకు చేరాడు. దారిలో ఒక చెట్టు ఎదురైంది. కొరెట్స్కీ ఒక పక్క నుంచి వెళ్తే ఈయన రెండో పక్క నుంచి దూసుకెళ్లి ముందుకొచ్చాడు. రెండో ఒలింపిక్ స్వర్ణం.

ఆ 40 సెకన్లను ఒక్క ల్యాప్‌లో తిరిగి రాబట్టాలని చూసి ఉంటే ఎక్కడో పడిపోయేవాడేమో. మీకూ అదే వర్తిస్తుంది. పడితే ముందు దారి మధ్య నుంచి పక్కకు రండి. తల, మెడ, చేతులు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. తల తిరుగుతున్నా, తలకు దెబ్బ తగిలిందని అనుమానమున్నా పోటీ అక్కడితో ఆపేయండి, ఇందులో వాదన లేదు. ఒళ్లు బాగుంటే హ్యాండిల్ నిటారుగా ఉందా, బ్రేకులు పడుతున్నాయా, చక్రం తిరుగుతోందా చూసి, మెల్లగా మొదలుపెట్టండి. ఎందుకు పడ్డామన్న విచారణ సాయంత్రానికి వాయిదా వేయండి. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో నష్టపోయినప్పుడు మనల్ని ఎక్కువగా కుంగదీసేది పోయిన దాన్ని తిరిగి తిరిగి లెక్కేసుకోవడమే. ఈ పోటీలో ఆ లెక్కకు తీరిక ఉండదు, తర్వాతి మలుపు వచ్చేస్తుంది. ఆ అలవాటు ఒంటికి పట్టినవాళ్లు మిగతా బతుకులోనూ తొందరగా లేస్తారు.

ఎన్నో స్థానం?

అమెరికాలోని లెడ్‌విల్‌లో, సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన, 1994 నుంచి వంద మైళ్ల మౌంటెన్ బైక్ పోటీ జరుగుతోంది. 12 గంటల్లోపు గీత దాటిన ప్రతి ఒక్కరికీ బెల్టు బకిల్ బహుమతిగా ఇస్తారు. తొమ్మిది గంటల్లోపు చేరినవాళ్లకు పెద్ద బకిల్. మొదట వచ్చినవాడిలాగే, సాయంత్రానికి చేరిన ఉపాధ్యాయుడూ, నర్సూ తమ బకిల్‌ను నడుముకు కట్టుకుంటారు. గడియారంతో పోటీ పడటం ఎలాగో ఆ ఆనవాయితీ చెబుతుంది.

మొదటి పోటీకి మూడు గురులు పెట్టుకోండి. ఒకటి, క్షేమంగా పూర్తి చేయడం. రెండు, చివరి ల్యాప్ మొదటి ల్యాప్ కంటే మరీ వెనకబడకుండా ఉండటం. మూడు, సాధనలో భయపెట్టిన ఒక్క చోటైనా అనుకున్న గీత మీద దిగడం. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవి. స్థానం అనేది ఆ రోజు ఎవరెవరు వచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది, దాన్ని మీరు శాసించలేరు.

ఈ వారం చేయాల్సినవి

1. ఎనిమిది నుంచి పది వారాల దూరంలో ఉన్న ఒక పోటీని వెతికి పేరు ఇవ్వండి. ఆ తేదీ ఇంట్లోవాళ్లందరికీ చెప్పండి. మీరు సాధనకు వెళ్లే పొద్దున్నల్లో మీ పనులు వాళ్లలో ఎవరో పంచుకోవాలి కనుక ఇది వాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

2. వారంలో నాలుగు రోజులు ఏవో రాసి గోడకు అంటించండి.

3. ఒక సాయంత్రం చక్రం ఊడదీసి పంక్చర్ వేయడం సాధన చేయండి. పది నిమిషాల్లో అయ్యేదాకా వారానికోసారి చేయండి.

4. మైదానంలో రెండు సీసాల అభ్యాసం రెండుసార్లు చేయండి.

5. ఒక నోటు పుస్తకం మొదలుపెట్టండి. ప్రతి సాధన తర్వాత రెండే వాక్యాలు: ఎక్కడ చూపు చెదిరింది, తర్వాతి సారి ఎటు చూడాలి.

పోటీ ముగిసిన సాయంత్రం కూడా అదే పుస్తకంలో అవే రెండు వాక్యాలు రాయండి. ఆ కింద తర్వాతి పోటీ తేదీ రాయండి. మొదటి పోటీతో మీకు మీ కొలత తెలుస్తుంది. ఆ కొలత ఎంత పెరిగిందో చెప్పేది రెండోదే. అందుకే ఒక్క పోటీతో ఆగవద్దు.